మా వాడి స్పైడర్‌మ్యాన్ పిచ్చి కామిక్స్ దాకా వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టించాలి?

అలిపిరి మెట్లు (తిరుపతి) ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా వాడికి పదేళ్ళు. మాటలు సరిగ్గా రాని వయసు నుంచే వాడికి స్పైడర్‌మ్యాన్ అంటే ప్రాణం. చొక్కా, స్కూలు బ్యాగు, నీళ్ళ సీసా, అన్నిటి మీదా ఆ బొమ్మే ఉండాలి. 2023లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ యానిమేషన్ సినిమాకు తీసుకెళ్ళాం, తెలుగులోనే చూశాడు. అందులో పవిత్ర్ ప్రభాకర్ అని మన దేశపు స్పైడర్‌మ్యాన్ ఉన్నాడు కదా, ఆ రోజు నుంచి "వాడి కథ పుస్తకంగా ఉందంట, కొనివ్వమ్మా" అని ఒకటే పోరు.

ఇంతలో ఇంకోటి జరిగింది. మా మామగారిది పుత్తూరు. పోయిన నెల అక్కడి ఇంటికి సున్నం కొట్టిస్తూ అటక మీది ట్రంకు పెట్టె దించితే, అడుగు నుంచి పైదాకా పాత పుస్తకాలే. ఫాంటమ్ బొమ్మలున్న ఇంగ్లీషు ఇంద్రజాల్ కామిక్స్, తమిళం ముత్తు కామిక్స్, అట్టలు ఊడిన చందమామలు. మా వాడికి తమిళం ఒక్క అక్షరం రాదు. అయినా అన్నానికి కూడా లేవకుండా ఆ పెట్టె పక్కనే కూర్చున్నాడు. మామయ్య వాడి పక్కన చేరి ఒక్కో బొమ్మకూ కథ చెప్పారు. ఆయన అంతసేపు మాట్లాడటం నా పెళ్ళైనప్పటి నుంచి నేను చూడలేదు.

మా ఆయన మాత్రం "చదివేసిన బొమ్మల పుస్తకాలు దేనికి, పాత పేపర్లకు వేసేయండి" అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. పిల్లవాడికి ఇదొక మంచి అలవాటు కావాలంటే ఎక్కడ మొదలుపెట్టించాలి? ఆ పెట్టెలోవి ఎలా దాచాలి? నెలకు 500 మించి పెట్టలేం. తెలిసినవాళ్ళు చెప్పండి.

నగరి మరమగ్గం:

అమ్మా, ముందు ఆ పెట్టెకు తాళం వెయ్యి. తర్వాత మాట్లాడుకుందాం.

మాది నగరి. మా నాయన మరమగ్గం నడిపేవాడు. నేనూ అదే పని చేసి ఇప్పుడు కొడుక్కి అప్పజెప్పినా. ఏకాంబరకుప్పం స్టేషనుకు పొయ్యే దోవలో అప్పట్లో ఒక అద్దె పుస్తకాల అంగడి ఉండేది. తాడు కట్టి, ఉతికిన బట్టలు ఆరేసినట్టు పుస్తకాలు వేలాడదీసేవాడు. అక్కడే కూర్చుని చదివితే ఐదు పైసలు, ఇంటికి తీసుకుపోతే పది. మర్నాడు దీపాలు పెట్టేలోగా తెచ్చియ్యాల.

అక్కడే నాకు ఇరుంబుక్కై మాయావి దొరికినాడు. ఇంగ్లీషులో స్టీల్ క్లా. 1962లో ఇంగ్లండులో వేలియంట్ అనే వారపత్రికలో మొదలైన కథ. బొమ్మలు వేసినాయన స్పెయిన్ దేశస్థుడు, జెసుస్ బ్లాస్కో. శివకాశిలో 1972లో ముత్తు కామిక్స్ మొదలైంది ఈ మాయావితోనే. లూయీ క్రాండెల్ అనేవాడికి కుడిచెయ్యి పోతే ఉక్కు చెయ్యి పెడతారు. కరెంటు షాకు తగిలితే మనిషంతా మాయమైపోతాడు, ఆ ఉక్కు చెయ్యి ఒక్కటి మాత్రం కనపడతా ఉంటుంది. అన్నీ నలుపు తెలుపు బొమ్మలే. చీకటి గదిలో మనిషి ఉండడు, చెయ్యి మాత్రం గాల్లో నిలబడి ఉంటుంది. కణుపు కణుపుకూ సన్నని గీతలతో నీడ వేసి, వేళ్ళ మీద ఒక్క చోట కాగితాన్ని తెల్లగా వదిలేసేవాడు బ్లాస్కో. ఆ వదిలేసిన తెలుపే ఉక్కు మెరుపు. అంత నాసిరకం కాగితం మీద కూడా అది మెరిసేది.

మా మగ్గాల షెడ్డులో మోటారు స్విచ్చును తడి చేత్తో తాకితే జిల్లుమనేది. అట్లా కొట్టినప్పుడల్లా నా చెయ్యి కనపడతా ఉందా అని చూసుకునేవాణ్ణి. తమిళం మాట్లాడటం వీధిలోనే వచ్చింది కానీ చదవడం నాకు బళ్ళో ఎవరూ నేర్పలేదు. మాయావి తర్వాత ఏమైనాడో తెలుసుకోవాలనే ఆత్రంతో ఆ బుడగల్లోని మాటలు కూడబలుక్కుని నేర్చుకున్నా.

ఇక కూడబెట్టడం ఎట్లా వచ్చిందో చెబుతా. ఎంత ఇష్టమైన పుస్తకమైనా మర్నాడు సాయంత్రానికి ఇచ్చేయాల్సిందే. మళ్ళీ చదవాలని పోతే అది ఇంకెవరింట్లోనో ఉండేది. ఒక్కోసారి చివరి పేజీ ఎవడో చించుకుని పోయి ఉండేవాడు. కొన్నాళ్ళకు వీడియో క్యాసెట్లు వచ్చినాయి, అద్దె అంగడి మూతపడింది. ఆయన పుస్తకాలన్నీ తూకానికి వేసేస్తా ఉన్నాడని తెలిసి, మా అమ్మ చీటీ డబ్బులో నుంచి ఇచ్చింది తీసుకుని పరిగెత్తినా. చేతులకు పట్టినన్ని తెచ్చుకున్నా. ఆ రాత్రి ఒక పుస్తకం చదివి తలగడ పక్కన పెట్టి పడుకుంటే, తెల్లారి చూస్తే అక్కడే ఉండాది. ఎవరికీ తిరిగియ్యక్కర్లేదు. నా బీరువాలో ఇప్పుడున్నవన్నీ ఆ తెల్లారి నుంచి వచ్చినవే అమ్మా.

ఆ తర్వాత మద్రాసు. సెలవు దొరికితే రైలెక్కేవాణ్ణి. సెంట్రల్ స్టేషను పక్కనే మూర్ మార్కెట్, పాత పుస్తకాలకు అంత పెద్ద చోటు నేను ఇంకెక్కడా చూడలేదు. 1985 మే 30న అది కాలిపోయింది. పేపర్లో ఆ ఫోటో చూసి ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చినా. పాత పుస్తకాలవాళ్ళు దగ్గర్లోనే అల్లికుళంలో అంగళ్ళు పెట్టుకున్నాక మళ్ళీ పోవడం మొదలుపెట్టినా.

ఒక సంగతి నీ కొడుక్కి తప్పకుండా చెప్పు. 1984లో శివకాశి వాళ్ళే లయన్ కామిక్స్ అని ఇంకోటి తెచ్చినారు. అందులో స్పైడర్ అని ఒకడు వచ్చేవాడు. మీవాడి స్పైడర్‌మ్యాన్ కాదు, ఇతను ఇంగ్లండు పత్రికలో పుట్టినవాడు. మొనదేలిన చెవులు, వీపు మీద జెట్టు, వల విసిరే తుపాకీ. మొదట దొంగల రాజు, తర్వాత దొంగలకే శత్రువు. ఆ కథల్లో చాలావాటిని రాసింది ఎవరనుకున్నావు? జెర్రీ సీగెల్! జో షుస్టర్‌తో కలిసి సూపర్‌మ్యాన్‌ను పుట్టించిన మనిషి. 1938లో వాళ్ళిద్దరూ సూపర్‌మ్యాన్ హక్కులు 130 డాలర్లకు రాసిచ్చేసినారు. ఆ సూపర్‌మ్యాన్ ప్రపంచమంతా ఏలుతా ఉంటే, 1966 నుంచి సీగెల్ ఒక ఇంగ్లండు పిల్లల వారపత్రికకు స్పైడర్ కథలు రాసినాడు. అవి శివకాశిలో తమిళంలో అచ్చై, రైల్లో వచ్చి, మా నగరిలో నా చేతికి దొరికినాయి. ఆయన పేరు ఆ పుస్తకాల్లో నాకెక్కడా కనపడలేదు. చాలా ఏళ్ళకు ఈ సంగతి తెలిసినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాత పుస్తకం దాచుకోవడమంటే ఇట్లాంటి మనిషి చేసిన పనిని దాచడం కూడా అని నా నమ్మకం.

ఇప్పుడు మీ పెట్టె సంగతి. ఇంద్రజాల్ కామిక్స్‌ను టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు 1964 మార్చిలో మొదలుపెట్టి 1990లో ఆపేసినారు. మొదటి సంచికే ఫాంటమ్. లీ ఫాక్ 1936లో పుట్టించిన వీరుడు. అంతకు ముందే 1934లో మాంత్రికుడు మాండ్రేక్‌ను కూడా ఆయనే పుట్టించినాడు, అతనూ ఇందులో వచ్చేవాడు. 1976లో మనవాడు బహదూర్ వచ్చినాడు, ఆబిద్ సూర్తి సృష్టి. ఫాంటమ్ ఉండే బెంగాల్లా దేశాన్ని ఇక్కడ డెంకాలి అని మార్చి అచ్చేసేవాళ్ళు, చూడు. అట్టల మీద రంగుల బొమ్మలు చాలావాటికి వేసింది బి. గోవింద్. ఆ అట్టలు నేను ఇప్పటికీ వారానికి ఒకసారి తీసి చూస్తా.

పిల్లవాడికి పని చెప్పు. ఒక నోటుబుక్కు ఇచ్చి, పేరు, నంబరు, సంవత్సరం, కథానాయకుడు, ఏ పేజీలు లేవు అని వాడి చేతే పట్టిక రాయించు. తాత చెబుతాడు, వాడు రాస్తాడు. పట్టిక రాస్తే మధ్యలో ఏ నంబర్లు లేవో వాడికే తెలుస్తుంది. లేని నంబరు కోసం వెతకడం మొదలైతే ఇంక నువ్వేమీ నేర్పక్కర్లేదు. ఒక్క వీరుణ్ణి పట్టుకోమను, అన్నీ ఒకేసారి వద్దు.

ఖరీదు గురించి వాడి ముందు మాట్లాడొద్దు. స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనపడిన అమేజింగ్ ఫాంటసీ 15వ సంచిక 1962లో 12 సెంట్లు. దాని ప్రతి ఒకటి 2021లో 36 లక్షల డాలర్లకు పోయింది. ఇట్లాంటివి విని చాలామంది ఈ దారిలోకి వస్తారు. పుస్తకం తెరవకుండా ప్లాస్టిక్ పెట్టెలో బిగించి అమ్మకానికి పెడతారు. పదేళ్ళ పిల్లవాడు ముందు చదవాల.

కట్టమంచి:

నగరి అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివా. కానీ ఒక్క విషయంలో నా మాట వేరే. ఆ పిల్లవాడు అడిగింది పవిత్ర్‌ని. ముందు అది వాడి చేతిలో పెట్టాలి, ఫాంటమ్ తర్వాత.

అక్కా, 2004లో గోథమ్ కామిక్స్ అని మార్వెల్, డీసీ అనే అమెరికా సంస్థల కామిక్స్‌ను మన దేశంలో అచ్చేసే సంస్థ ఉండేది. శరద్ దేవరాజన్, సురేశ్ సీతారామన్, చిత్రకారుడు జీవన్ కాంగ్ కలిసి పవిత్ర్‌ని తయారుచేశారు. మొత్తం నాలుగే సంచికలు. పీటర్ పార్కర్‌ను సాలీడు కుడుతుంది, పవిత్ర్‌కు ఒక యోగి శక్తి ఇస్తాడు. పైన సాలీడు దుస్తులు, కింద పంచె. బెన్ అంకుల్ చోట భీమ్ అంకుల్, మే ఆంటీ చోట మాయా ఆంటీ. నాలుగూ కలిపి మార్వెల్ ఒకే పుస్తకంగా కూడా వేసింది. 2023లో సినిమా వచ్చినప్పుడే పవిత్ర్‌తో కొత్తగా ఐదు సంచికలు వచ్చాయి. విడి సంచికల కోసం తిరిగే బదులు కలిపి వేసిన పుస్తకం వెతకండి.

నేను చిత్తూరులో శక్తిమాన్ చూస్తూ పెరిగినవాణ్ణి. 1997లో దూరదర్శన్‌లో మొదలైంది, అది వచ్చేటప్పుడు మా వీధిలో క్రికెట్ ఆగిపోయేది. దాని వల్లే హిందీ మీద ఆశ పుట్టి, రాజ్ కామిక్స్ అనే హిందీ బొమ్మల పుస్తకాల్లో పడ్డా. నాగరాజ్ 1986లో వచ్చాడు, సూపర్ కమాండో ధ్రువ 1987లో, అనుపమ్ సిన్హా కథ, బొమ్మలు. నాకు ధ్రువే ఎక్కువ ఇష్టం. ఎందుకంటే వాడికి ఏ శక్తీ లేదు. సర్కస్‌లో పెరిగిన పిల్లవాడు, నేర్చుకున్న విద్యే వాడి బలం. అవి మన ఊళ్ళో అంగళ్ళలో దొరికేవి కావు. ఉత్తరాది నుంచి దర్శనానికి వచ్చే వాళ్ళు రైల్లో చదువుకోవడానికి తెచ్చుకుని తిరుపతి లాడ్జీల్లో వదిలేసి పోయేవాళ్ళు, అవన్నీ పాత పేపర్ల అంగళ్ళకు చేరేవి. హిందీ, మరాఠీ, కన్నడం, ఒకే కట్టలో అన్నీ. మీరు ఉండేది తిరుపతిలో కాబట్టి చెబుతున్నా, ఆదివారం పొద్దున బాబును వెంటబెట్టుకుని ఒక చుట్టు తిరగండి. కట్ట విప్పనిస్తారా అని ముందు అడగండి, విప్పినాక మళ్ళీ సరిగ్గా కట్టి ఇవ్వండి. అలా చేస్తే తర్వాత వాళ్ళే మనకోసం పక్కన తీసి పెడతారు.

పాతవి ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. అట్ట పోయిన ఇంద్రజాల్‌కు కలర్ జిరాక్స్ అట్ట వేసి అసలుదని అమ్మేవాళ్ళు ఉన్నారు. భూతద్దంతో చూస్తే అసలు అచ్చులో రంగులన్నీ చిన్న చిన్న చుక్కల గుంపులుగా, వరసగా కనిపిస్తాయి. జిరాక్స్‌లో పొడి పైన పేరుకుని, వెలుతురుకు వంచితే నిగనిగలాడుతుంది. పిన్ను దగ్గర కూడా చూడండి. నలభై ఏళ్ళ పిన్ను తుప్పు మచ్చ లోపలి కాగితం మీద ఉండి అట్ట మీద లేకపోతే, ఆ అట్ట తర్వాత వేసిందే.

కోనేటి కట్ట:

నేను బైండింగు పని చేస్తాను, తిరుపతిలోనే. దాచడం గురించి మాత్రం చెబుతాను.

మొదటి మాట, వాటిని బైండింగు చేయించకండి. నా పొట్ట కొట్టుకునే మాటే అయినా ఇదే నిజం. బైండింగుకు అంచులు కోయాలి. పక్కన కుట్టు వేస్తే లోపలి అంగుళం బొమ్మ మూసుకుపోతుంది. కామిక్స్‌లో బొమ్మ అంచుదాకా ఉంటుంది, కోత పడితే మళ్ళీ రాదు. చందమామల సంగతి వేరు. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, శిథిలాలయం లాంటి సీరియళ్ళను నెల నెలా చించి, వరసగా పెట్టి, కుట్టించుకున్న ఇళ్ళు ఎన్నో. అలాంటి కట్టలు ఇప్పటికీ మరమ్మతుకు నా దగ్గరికి వస్తాయి. శిథిలాలయం వీరులు శిఖిముఖి, విక్రమకేసరిలకు చందమామ చిత్రకారుడు చిత్రా గారు వేసిన బొమ్మలు చూస్తే మన పిల్లలకు వీరులు ఎప్పుడూ తక్కువ కాలేదనిపిస్తుంది. మీ పెట్టెలోని అట్టలు ఊడిన చందమామలు కూడా పారేయకండి.

పాత కామిక్స్ కాగితం న్యూస్‌ప్రింటు, అంటే వార్తాపత్రికలకు వాడే రకం. కలప గుజ్జులోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు, వేడికి పులుపెక్కి కాగితాన్ని పసుపు చేసి, చివరికి అప్పడంలా పెళుసుగా మారుస్తుంది. మన ఎండలకు అటక మీద ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. అందుకే అటక వద్దు, బయటి గోడకు ఆనించిన బీరువా వద్దు. ఇంటి మధ్య గదిలో, నేలకు అడుగున్నర పైన పెట్టండి.

ఒక్కో పుస్తకానికి ఒక్కో కవరు. గలగలలాడే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కవర్లు మంచివి. మెత్తగా ఉండి వాసన కొట్టే పీవీసీ కవర్లు అచ్చును పీల్చేస్తాయి. వెనక ఆమ్లం లేని అట్ట ఒకటి పెట్టి నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి దొంతర పెడితే కిందివి నలుగుతాయి. కలరా ఉండలు పుస్తకాలకు తగలకుండా గుడ్డలో కట్టి మూలన పెట్టండి. సెలో టేపు అసలు తాకనివ్వకండి. కొన్నేళ్ళకు దాని జిగురు కాగితంలోకి దిగి గోధుమరంగు మచ్చ అవుతుంది, అది పోదు. చిరిగినచోట పల్చటి టిష్యూ కాగితం, మైదా గంజి చాలు.

2021 నవంబరు వానలకు మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. నా దగ్గర మరమ్మతుకు ఉన్న పుస్తకాలు కొన్ని తడిశాయి. న్యూస్‌ప్రింటువి నీడలో, ఫ్యాను గాలికి, పది పేజీలకొక తెల్లకాగితం పెట్టి ఆరబెడితే దక్కాయి. నున్నటి ఆర్టు పేపరువి ఆరే లోపే ఒకదానికొకటి అంటుకుపోయి గట్టి దిమ్మె అయిపోయాయి. అలాంటివి తడిస్తే వెంటనే కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో పెట్టేయండి, తర్వాత నిదానంగా ఒక్కో పేజీ విడదీయవచ్చు. కొత్త మార్వెల్ పుస్తకాలు ఎక్కువగా ఆ నున్న కాగితంవే కాబట్టి గుర్తుంచుకోండి.

అలిపిరి మెట్లు (తిరుపతి):

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇన్ని వివరాలు వస్తాయని అనుకోలేదు. పెట్టె తిరుపతికి తెచ్చేశాం, మామయ్య కూడా వచ్చారు. నోటుబుక్కు పని మొదలైంది. ఇంద్రజాల్ అయిపోయి ముత్తు దగ్గర ఉన్నారు. మా వాడు తమిళం అంకెలు, పేర్లు తాతను అడిగి తెలుగులో రాస్తున్నాడు. కట్టమంచి తమ్ముడు చెప్పిన పవిత్ర్ పుస్తకం ఆర్డరు పెట్టాం.

మా ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు కానీ, నిన్న రాత్రి ఒక బహదూర్ తీసుకుని చదువుతూ "ఇది నేను చిన్నప్పుడు చదివినట్టుందే" అన్నారు. నేనేమీ అనలేదు.

నగరి అన్నా, ఒక సందేహం. మాయావి పుస్తకం ఒకదాంట్లో మధ్య పిన్ను దగ్గర నాలుగు పేజీలు లేవు. మామయ్యకు అది బాగా ఇష్టమైన కథ, ఆ పేజీల్లో ఏముందో గుర్తు రావడం లేదని బాధపడుతున్నారు. ఇంకో ప్రతి దొరుకుతుందా? జిరాక్స్ పెట్టుకోవచ్చా?

నగరి మరమగ్గం:

పెట్టుకోవచ్చమ్మా, చదువుకోవడానికి. అయితే ఆ జిరాక్స్‌ను పిన్నుకు గుచ్చొద్దు, విడిగా కవర్లో వెనక పెట్టు. ఏది అసలు, ఏది తర్వాత చేరింది అనేది నీ కొడుకు నోటుబుక్కులో రాసి ఉండాల.

ఆ పుస్తకం అట్ట ఫోటో, లోపలి మొదటి పేజీ ఫోటో పెట్టు. శివకాశి వాళ్ళు మాయావి కథలు తర్వాత కూడా మళ్ళీ అచ్చేసినారు కాబట్టి పాతదా, తిరిగి వేసిందా చూస్తే తెలుస్తుంది. తిరిగి వేసిందైతే చెన్నై పుస్తకాల పండుగకు సంక్రాంతి సమయంలో పోతే వాళ్ళ అంగట్లో అడగొచ్చు. పాతదైతే నా దగ్గర కొన్ని రెండేసి ఉండాయి. అందులో ఉంటే పుత్తూరుకు పొయ్యే మావాళ్ళ చేత పంపిస్తా. డబ్బులు వద్దు. మీ పట్టికలో రెండేసి ఉన్న బహదూర్ ఏదైనా ఉంటే నాకియ్యి, బహదూర్‌లో నాకు ఇంకా చాలా నంబర్లు కావాల.

మామగారిని ఒక మాట అడుగు. పుత్తూరులో ఆయన ఏ అంగట్లో అద్దెకు తెచ్చుకునేవారో. మా అంగడాయనకు పుత్తూరులో తమ్ముడు ఒకడు ఉండేవాడు, ఆయనదీ పుస్తకాల అంగడే.